గనిపనియు కళాశాల చదువును: నస్పూర్ ప్రాంతపు శ్రామిక విద్యార్థుల అనుభవములు

'విద్యార్థి' యను పదమున వయస్సు సూచితము కాదు. విద్యను అర్థించువాడు విద్యార్థి. అర్థించుట పదునారేండ్లవానికి ఎంత చెల్లునో ఏబదియేండ్లవానికిని అంతే చెల్లును. ఐనను మన శాఖలలో ఈ పదము నుచ్చరించినంతనే మనకు స్ఫురించు మూర్తి వేరు. పగలంతయు తరగతికి వినియోగింపగలవాడు, సాయంకాలము గ్రంథాలయమున కూర్చుండగలవాడు, పరీక్షలకు ముందు నెలదినములు ఇంటివారు ఏ పనియు చెప్పనివాడు - ఇట్టివానిని మనసున నుంచుకొనియే మనము పాఠ్యక్రమములు రచించుచున్నాము, ప్రశ్నపత్రములు కూర్చుచున్నాము. ఈ వ్యాసమున మేము చర్చింపబూనినది ఈ మూర్తికి సరిపడని విద్యార్థిని గూర్చి. అతడు ముందు కార్మికుడు, పిమ్మట గృహస్థు, మిగిలిన వేళలందు మాత్రమే విద్యార్థి.

దూరవిద్యా విధానమున పట్టపరీక్షకు చదువు గనికార్మికులతో ఆదివారపు తరగతుల మూలమున మాకు కొన్నియేండ్ల పరిచయము కలదు. వారి జవాబుపత్రములను దిద్దినాము. తరగతి ముగిసిన పిదప చెట్టుక్రింద నిలిచి వారితో మాటలాడినాము. ఇది లెక్కలు సేకరించి చేసిన సర్వేక్షణము కాదు. కన్నదియు విన్నదియు క్రమపరచి, తెలుగు బోధించువారికి ఇందు ఆలోచింపదగినది ఏమి కలదో చెప్పుటయే మా ఉద్దేశము.

నస్పూర్ గోదావరికి ఉత్తరమున, మంచిర్యాలకు ఆనుకొనియున్న ఊరు. 2016లో మంచిర్యాల జిల్లా ఏర్పడువరకు ఇది ఆదిలాబాదు జిల్లాలోనిది. నదికి ఆవలివైపున రామగుండము, గోదావరిఖని. ఈవలివైపున శ్రీరాంపూర్, నస్పూర్, మందమర్రి, బెల్లంపల్లి. ఈ ఊళ్ళన్నింటిని కలుపు సూత్రము బొగ్గు. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున బొగ్గు ఉనికిని గుర్తించుట, 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులు పొందుట, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యను పేర సంస్థ నమోదగుట, 1945లో నిజాము ప్రభుత్వము వాటాలలో అధికభాగమును స్వాధీనపరచుకొనుట - ఈ చరిత్ర మన పాఠకులకు క్రొత్త కాదు. సింగరేణి యను గ్రామము ఎక్కడనో ఇల్లందు చెంత నుండగా దాని పేరు గోదావరి పొడవునను గల గనులన్నిటికి ప్రాకినది. ఇట్టి నామవిచిత్రము నస్పూరునందే మరియొకటి కలదు. ఊరివారు 'సీసీసీ' యని వ్యవహరించు కూడలి యొకటున్నది. అది ఒకప్పటి కోల్ కెమికల్ కాంప్లెక్సు పేరులోని మూడు తొలి అక్షరములు. బొగ్గునుండి రసాయనములు తీయుటకు నెలకొల్పిన ఆ కర్మాగారము మూతపడినను దాని అక్షరములు ఊరిపేరులో నిలిచిపోయినవి. స్థలనామములపై పనిచేయు పరిశోధకులు పాతశాసనములనే గాక ఇట్టివానిని గూడ పట్టించుకొనవలెనని మా మనవి. ఇది ప్రస్తుతమునకు దూరము; మరల విషయమునకు వత్తము.

పనిచేయుచు చదువుకొనుట తెలంగాణమున నేడు పుట్టినది కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసిన నాటినుండియు గ్రంథాలయమే ఇచ్చట అనేకులకు కళాశాల. వట్టికోట ఆళ్వారుస్వామి వంటపనిచేసి, పూటకూళ్ళయింట వడ్డించి, అచ్చుచిత్తులు దిద్ది, ఆ పనులనడుమ చదువుకొన్నవాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించినవాడు. కాని ఆయనకు ఏ విశ్వవిద్యాలయమును పట్టము నీయలేదు, ఈయగల మార్గమును లేదు. ఆనాడు ఉన్నతవిద్య ఉర్దూ మాధ్యమమున సాగినది. తెలుగుబిడ్డకు గ్రామమున ప్రాథమికవిద్యయే దుర్లభము. నేర్చుట యొకటి, నేర్చితినని సమాజము ఒప్పుకొనుట యొకటి. ఈ రెంటికి నడుమ గల అగడ్తపై వంతెన వేయు ప్రయత్నము చాలకాలమునకు గాని జరుగలేదు.

ఆ ప్రయత్నము 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయ స్థాపనముతో ఆరంభమైనదని చెప్పవచ్చును. బ్రిటనులో 1969లో అధికారపత్రము పొంది 1971లో బోధన మొదలిడిన ఓపెన్ యూనివర్సిటీ దీనికి మార్గదర్శి. భారతదేశమున ఈ కోవకు ఇదియే మొదటిది. తొలి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డిగారు, 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినపుడు దానికిని వారే ప్రథమ ఉపకులపతులైరి. 1991లో రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టబడినది. ఈ సంస్థ తొలినాట చేసిన పనులలో మిక్కిలి సాహసోపేతమైనది అర్హతాపరీక్ష. బడి ధ్రువపత్రము లేకున్నను, యుక్తవయస్సు వచ్చి, ఆ యొక్క పరీక్షలో ఉత్తీర్ణుడైనచో పట్టపరీక్షా తరగతికి చేర్చుకొనిరి. ఏడవ తరగతి యొద్ద బడి మానినవాడు ఇంటర్మీడియెటు మెట్టు ఎక్కకయే కళాశాలావిద్యార్థి కాగలిగెను. తెలుగు మాధ్యమపు పాఠములు ముద్రితములై యింటికి వచ్చెను. ఆదివారములందు సమీప పట్టణపు కళాశాలాభవనమున అధ్యాపకుడు సందేహములు తీర్చెను. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి అప్పటికే ఉన్నతవిద్యకు కావలసిన పారిభాషికపదములను, పాఠ్యగ్రంథములను సమకూర్చి యుండుటచే ఈ ముద్రితపాఠములకు భాష కొంతవరకు సిద్ధముగా నుండినది. ఆ 'సిద్ధమైన భాష'ను గూర్చి ముందు చెప్పవలసినది కలదు.

ఈ వాకిలిగుండ వచ్చిన గనికార్మికులు రెండు తరములవారు. మొదటితరమువారు చిన్ననాట పొలముపని విడిచి గనికి వచ్చినవారు. బొగ్గు తట్టకెత్తి టబ్బు నింపువాడు, అనగా కోల్‌ఫిల్లరు, చదువును బట్టి గాక భుజబలమును బట్టి పనిలో చేర్చుకొనబడెను. 'తట్ట, చెమ్మస్' అనునవి ఆ పనికి గుర్తులు; చెమ్మస్ అనగా బొగ్గెత్తు పార. ఇతడు ఇరువదియేండ్లు పనిచేసిన పిదప, పిల్లలు పెద్దతరగతులకు వచ్చిన పిదప, పుస్తకము చేతబట్టినాడు. రెండవతరమువారు ఇతని బిడ్డలే. తండ్రి ఆరోగ్యము చెడి పని విడిచినపుడో, గనిలో మరణించినపుడో, ఆ కుటుంబమునకు ఆధారముగా ఇచ్చు ఉద్యోగమున చేరినవారు. వీరు సాధారణముగా 'బదిలీ వర్కరు'గా ప్రవేశింతురు. వీరిలో ఇంటర్మీడియెటు చదువుచు నడుమ మానినవారు కలరు. ఇంజనీరింగు పట్టము చేతనుండగా క్యాప్‌ల్యాంపు తగిలించుకొని దిగినవారును కలరు. మొదటివానికి చదువు లేకుండ పని దొరకెను. రెండవవానికి చదువుండియు ఈ పనియే దొరకెను. ఒకే తరగతిగదిలో, ఒకే బల్లపై, ఈ యిద్దరును కూర్చుండుట మేము చూచినాము. 1990 ప్రాంతమున 1,00,000 దాటియుండిన సింగరేణి కార్మికసంఖ్య ఇటీవలి యేండ్లలో 40,000 ప్రాంతమునకు దిగినదను సంగతి ఈ రెండవవాని ముఖమున చదువవచ్చును. తట్టాచెమ్మసుల స్థానమున బొగ్గెత్తు యంత్రములు వచ్చినవి. భూగర్భగనులు తగ్గి ఉపరితలగనులు పెరిగినవి. దిగువకు దిగువాని అవసరము నానాటికి కృశించినది.

ఇక కాలము సంగతి. పట్టణమున గుమాస్తాపని చేయుచు సాయంకళాశాలకు పోవువానికి ప్రతిదినమును ఒకే సాయంకాలము కలదు. గనికార్మికునకు అదియును లేదు. గనిలో పని మూడు షిఫ్టులు: ఉదయము 7 గంటలనుండి, మధ్యాహ్నము 3 నుండి, రాత్రి 11 నుండి. వారము మారిన షిఫ్టు మారును. ఈ వారము తెల్లవారుజామున లేచి చదువు అలవాటు చేసికొన్నవాడు వచ్చువారము ఆ వేళకు గనిలోపల నుండును. ఆ పైవారము అప్పుడే నిద్రకు ఒరుగును. చదువునకు నియతకాలము ఏర్పరచుకొనుడని మనము తరగతిలో చెప్పు హితవు ఇతనియందు అర్థరహితము. ఇతని దినచర్యకు ఇరువదినాలుగు గంటల పరిమాణము చాలదు. మూడువారములు కలిపిన గాని ఒక ఆవృత్తి పూర్తి కాదు. ఒక విద్యార్థి తన పాఠములను మూడు కట్టలుగా విభజించుకొనెను. మొదటి షిఫ్టు వారము చరిత్ర, రెండవ షిఫ్టు వారము తెలుగు, రాత్రి షిఫ్టు వారము ఏమియు లేదు. "నైట్ షిఫ్టు వారం పుస్తకం ముడితే అది దిండయితది సార్" అని ఆయన మాతో ననెను. మాకు తెలిసిన పఠనప్రణాళికలలో దీనికి మించిన వివేకము గలదానిని మేము చూడలేదు.

1952 నాటి గనుల చట్టము భూగర్భమున దినమునకు 8 గంటలకు మించి పనిచేయింపరాదని నిర్ణయించినది. కాని 8 గంటలనునది పని లెక్క. కార్మికుని లెక్క వేరు. ఇంటినుండి గనికి పోవుట, దీపము తీసికొనుట, హాజరు పలుకుట, దిగుట, పనిస్థలమునకు నడచుట, తిరిగివచ్చుట, స్నానము. బొగ్గుధూళి ఒక నీటికి వదలదు. కనురెప్పల అంచులందు కాటుకవలె నిలుచును. ఆ కన్నులతోనే చదువవలెను. నిద్ర చాలక పనికి పోయిన గుమాస్తా లెక్క తప్పును. నిద్ర చాలక దిగిన కార్మికుడు పైనున్న బండ పలికిన పలుకు వినకపోవచ్చును. కప్పు కూలుటకు ముందు చిటపట శబ్దము వచ్చుట కలదు; దానిని వినుట గనిలో మొదటి విద్య. పరీక్షల నెలలో భార్య ఇతని పుస్తకమును దాచిపెట్టినదని ఒక విద్యార్థి నవ్వుచు చెప్పెను. మేమును నవ్వితిమి. పిమ్మట ఆమె ఏల దాచెనో మాకు అర్థమైనది.

ఆదివారము విశ్రాంతిదినము. దూరవిద్యాతరగతులు ఆదివారమే జరుగును. కావున ఇబ్బంది యుండరాదని పైకి తోచును. కాని గనులలో ఆదివారపు పనిని 'ప్లే డే' యందురు. ఆట దినమని అర్థమిచ్చు ఆ పేరు గల నాడు పనిచేసినవానికి రెట్టింపు వేతనము. ఆ పని అందరికి దొరకదు. దొరకినపుడు వలదనుట సంసారికి సులభము కాదు. ఒక ఆదివారపు తరగతికి వచ్చుట యనగా రెండుదినముల కూలిని విడుచుట కావచ్చును. ఈ సంగతి తెలియకమునుపు మేము హాజరు పట్టికలో ఖాళీలు చూచి 'శ్రద్ధ లేదు' అని తీర్మానించుకొన్నవారమే. విద్యార్థి చెల్లించిన రుసుము మన లెక్కలలోనికి వచ్చును. అతడు విడిచిన కూలి ఏ లెక్కలోనికిని రాదు.

బదిలీ కార్మికుని చిక్కు ఇంతకంటె సూక్ష్మమైనది. సంవత్సరమున భూగర్భమున 190, ఉపరితలమున 240 మస్టర్లు నిండినవాడు స్థిరపడి జనరల్ మజ్దూరు కాగలడు. 'మస్టరు' అనగా ఒకనాటి హాజరు. 365లో 190 పెద్ద సంఖ్య కాదని గణితము చెప్పును. కాని జ్వరము, పెండ్లి, చావు, తండ్రి ఆసుపత్రి, పొలముపని ఈ లెక్కలోనుండియే పోవలెను, వానితోపాటు పరీక్షలును. సంవత్సరాంతమున నాలుగు మస్టర్లు తక్కువపడి మరియొక యేడు బదిలీగానే మిగిలినవాడు ఆ నాలుగుదినములు ఎచ్చట పోయినవని వెదకినపుడు, పరీక్షాశాలలో కూర్చున్న దినములు మొదట కంటబడును. ఇట్టివాడొకడు మూడవసంవత్సరపు పరీక్షలు విడిచెను. మరుసటి యేడు వ్రాయుమని మేము ఉత్తరము వ్రాసితిమి. జవాబు రాలేదు. రెండేండ్ల పిదప స్థిరపడి, తానే వచ్చి, మిగిలిన పత్రములు వ్రాసెను. మన పట్టికలో ఇతడు 'చదువు మానినవాడు'గా రెండేండ్లు నమోదైయుండెను. మానుటకును ఆగుటకును భేదము మన పట్టికలకు తెలియదు.

ఇంత కష్టమునకోర్చి ఎందులకు చదువుదురు? పదోన్నతికొరకని చెప్పుట సగము సత్యము. గనిలో పైమెట్టు ఎక్కుటకు వేరు చదువు కలదు: సర్దారు, ఓవర్‌మన్ మొదలగు యోగ్యతాపత్రముల పరీక్షలు. గనుల భద్రతా శాఖవారు నిర్వహించు ఆ పరీక్షలకు కళాశాలాపట్టముతో పని లేదు. పట్టము అక్కరకు వచ్చునది సంస్థలోని కార్మికులనుండియే గుమాస్తాలను ఎన్నుకొన్న సందర్భములందు. అట్టి పదవులు కొన్ని, ఆశించువారు వేలు. ఐనను దిగువనుండి పైకి, చీకటినుండి వెలుతురునకు, వచ్చు మార్గములలో ఇది యొకటి యగుటచే ఆ ఆశ చావదు. తక్కిన సగము సత్యము విద్యార్థులు అంత తేలికగా చెప్పరు. బ్యాంకులో దరఖాస్తు మరియొకనిచే నింపించుకొనుట, కూతురు అడిగిన పాఠమునకు తెలియదనుట, సంఘసమావేశమున చదువుకొన్నవాడు లేచి మాటలాడునపుడు వెనుకవరుసన కూర్చుండుట - ఇట్టివి ఏండ్లతరబడి పేరుకొని ఒకనాడు మనిషిని దరఖాస్తుపత్రము కొనుటకు పంపును. విరమణకు రెండేండ్లు మాత్రమే యున్న ఒకరు పట్టపరీక్షకు చేరిరి. ఈ పట్టముతో ఏమిచేయుదురని మేము అడుగుట అవివేకము, అడిగితిమి. "చేసేదేముంది సార్, పొందుడే" అనిరి.

ఇదివరకు చెప్పినది ఏ శాఖవారికైనను ఉపయోగించును. తెలుగుశాఖకు ప్రత్యేకముగా చెందినది భాషావిషయము. అచ్చటనే మేము ఎక్కువ నేర్చుకొన్నాము. తప్పును అచ్చటనే చేసినాము.

ఒక సంవత్సరము 'మీ వృత్తిని గూర్చి వ్యాసము వ్రాయుడు' అని యొక ప్రశ్న యుండెను. ఒక విద్యార్థి తన వ్యాసమున అన్నిచోట్ల 'బాయి' యని వ్రాసెను: బాయి మీదికి పోవుట, బాయి దిగుట, బాయి మూతపడుట. మేము ఆ పదమును ప్రతిచోట ఎఱ్ఱసిరాతో దిద్ది 'గని' యని వ్రాసితిమి. దోషములకు మార్కులు తగ్గించితిమి. పిమ్మట ఆలోచింపగా దిద్దుబాటునకే దిద్దుబాటు కావలసివచ్చినది. 'బాయి' యనునది 'బావి'కి తెలంగాణపు వ్యవహారరూపము; 'బావి' సంస్కృత 'వాపీ' శబ్దమునుండి వచ్చినదని నిఘంటుకారులు చెప్పుదురు. పొలమునకు నీరిచ్చు బాయి యొద్దకు నిత్యము పోవుచుండిన రైతు బొగ్గుకొరకు త్రవ్విన గోతిని చూచి, తనకు తెలిసిన లోతైన త్రవ్వకమునకు గల పేరునే దానికి పెట్టెను. 'బాయికాడికి పోతున్న' అను వాక్యము ఒక తరమున పొలమునకు, తరువాతి తరమున గనికి అన్వయించినది. ఒక జనసమూహము వ్యవసాయమునుండి పరిశ్రమకు నడచిన దారి అంతయు ఈ రెండక్షరముల అర్థపరిణామమున నిమిడియున్నది. దానిని మేము దోషమని కొట్టివేసితిమి.

ఇంకను విచిత్రము: గని ద్వారముపై వ్రాసియుండునది 'ఖని'. శ్రీరాంపూర్ ప్రాంతపు గనులను ఆర్.కె.5, ఆర్.కె.7 అని పిలుతురు, 'ఆర్.కె.' యనగా రవీంద్రఖని. రామగుండమువైపు గోదావరిఖని. 'ఖని' తత్సమము పలకపైని, 'గని' తద్భవము వార్తాపత్రికయందు, 'బాయి' మనుష్యుని నోట. ఒకే వస్తువునకు మూడు అంతస్తులలో మూడు పేర్లు. మన ముద్రితపాఠము ఎగువ రెండంతస్తులను మాత్రమే ఎఱుగును.

గనిలోని పదజాలమును పరిశీలించినచో ఇంగ్లీషు, ఉర్దూ, తెలుగు ఒకే వాక్యమున శ్రమపంచుకొని యున్నట్లు కానవచ్చును. రూఫు, డిప్పు, లెవెలు, టబ్బు, గోఫు - ఇవి స్థలమునకును వస్తువునకును చెందినవి, ఇంగ్లీషు. బొగ్గు తీసివేయగా ఏర్పడిన శూన్యస్థలము గోఫు. సర్దారు, మజ్దూరు, హాజరు, నాగా, బదిలీ - ఇవి మనుష్యుల పదవికి, రాకపోకలకు చెందినవి. ఉర్దూ ద్వారమున వచ్చినవి. బొగ్గు, బండ, తట్ట, నీరు, గాలి, చీకటి - ఇవి చేతికి కంటికి తగులునవి, తెలుగు. ఈ విభజన అంతటను నియమముగా నిలువదు. 'చెమ్మస్' వంటివి దీనికి లొంగవు. ఐనను యంత్రజ్ఞుడు ఏ భాషవాడు, అజమాయిషీ ఏ భాషలో సాగెను, చేయి ఎవరిది అను మూడు ప్రశ్నలకు పదజాలమే సాక్ష్యము పలుకుచున్నది.

సర్దారు పరీక్షకు చదివినవారిని బోధించునపుడు మరియొక విశేషము గమనించితిమి. వారు నిబంధనలను సంఖ్యలతో సహా కంఠస్థము చేసియుందురు. గాలిలో మీథేను ఇంచుమించు 5 శాతమునుండి 15 శాతమువరకు ఉన్నచో ప్రేలుడు సంభవించుననియు, అంతకు చాలముందే, 1.25 శాతము చేరునప్పటికే, మనుష్యులను ఆ చోటినుండి తొలగింపవలెననియు నిద్రలో అడిగినను చెప్పుదురు. ఇట్టివారికి ఛందస్సు కష్టము కాలేదు. గణములు, యతిస్థానములు, సూత్రములు వారికి మఱియొక నిబంధనావళివలె తోచెను. పగటి కళాశాలలోని విద్యార్థులకంటె వేగముగా గణవిభజన చేసిరి. కష్టమైనది వేరొకటి: 'ఈ కవితపై మీ అభిప్రాయము వ్రాయుడు' అను ప్రశ్న. కలము ఆగిపోయెడిది. గనిలో నిబంధనకు అభిప్రాయము లేదు. అభిప్రాయముతో నడచినవాడు ప్రమాదము తెచ్చును. సంఘపుసభలో గంటసేపు అనర్గళముగా మాటలాడువాడు కాగితముపై నాలుగు పంక్తులు వ్రాయలేకపోవుట చూచి, ఇతనికి భావదారిద్ర్యము కలదని తలచినచో మనము మరల పొరపడుదుము. తన మాటకు కాగితముపై చోటున్నదని ఎవరును ఇతనికి చెప్పి యుండలేదు. చెప్పుట మన పని. అల్లం రాజయ్యగారి కథలలో కొన్నింటిని ఇట్టి తరగతిలో చదివినపుడు జరిగినది దీనికి నిదర్శనము. అంతవరకు మౌనముగా నుండినవారు ఒక్కసారిగా కథకుని తప్పులు పట్టనారంభించిరి. ఈ పని ఈ షిఫ్టులో జరుగదనియు, ఈ మాట ఇట్లు అనరనియు. విమర్శ పుట్టుటకు పరిచితవస్తువు కావలెనని అలంకారశాస్త్రము చెప్పకపోయినను అనుభవము చెప్పినది.

స్త్రీలను గూర్చి కొంత చెప్పవలెను. 1952 చట్టము స్త్రీలను భూగర్భమున నియమించుటను నిషేధించినది. సాంకేతిక, పర్యవేక్షక పదవులకు షరతులతో అనుమతి లభించుట 2019లో. కావున మా తరగతులకు వచ్చిన స్త్రీలు ఎక్కువమంది కార్మికుల భార్యలు, లేదా భర్త మరణానంతరము ఉపరితలమున పనిచేయువారు. వీరి కాలమును గూడ గనియే శాసించినది. భర్త షిఫ్టు మారినపుడెల్ల వంటవేళ మారును, నిద్రవేళ మారును. పగలు నిద్రించువానికొరకు ఇల్లంతయు నిశ్శబ్దముగా నుంచవలెను. ఆ నిశ్శబ్దమే తమకు చదువువేళ అని ఒకామె చెప్పినది. ఒకే కట్ట పుస్తకములతో దంపతులిరువురు పరీక్షకు చదివిన యిండ్లును కలవు. అట్టిచోట్ల భార్యకే ఎక్కువ మార్కులు వచ్చుట మేము పలుమారు చూచితిమి.

ఇతరదేశములందు గనికార్మికుల విద్యకు దీర్ఘచరిత్ర కలదు. దక్షిణ వేల్సులోని బొగ్గు ఊళ్ళలో కార్మికులు తమ కూలినుండి వంతులు చెల్లించి సంస్థాభవనములను, గ్రంథాలయములను నిలుపుకొనిరి. ట్రెడిగర్ ఊరి గనికార్మికుడు అన్యూరిన్ బెవాన్ ఆ గ్రంథాలయముననే చదివి, 1919లో లండనులోని సెంట్రల్ లేబరు కాలేజికి పోయి, తరువాత మంత్రియై 1948లో బ్రిటను జాతీయారోగ్యసేవను నెలకొల్పెను. ఇంగ్లండున 1950లలో షెఫీల్డు వంటి విశ్వవిద్యాలయములు గనికార్మికులకు వారమున ఒకదినము పని విడుపుతో తరగతులు నడపెను. ఈ 'విడుపు' అనునది కీలకము. అచ్చట చదువుదినము పనిదినములోని భాగమైనది. ఇచ్చట చదువు విశ్రాంతిలోనుండి కోసుకొన్న ముక్క. నమూనాను బ్రిటనునుండి తెచ్చుకొన్న మనము ఈ యంశమును మాత్రము తెచ్చుకొనలేదు. పరీక్షాదినములను మస్టర్లుగా లెక్కించుట యను చిన్నమార్పు జరిగినచో పైన చెప్పిన బదిలీ విద్యార్థి రెండేండ్లు ఆగవలసివచ్చి యుండెడిది కాదు.

మన శాఖలు చేయదగినది ఇంకొకటి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమివారు ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశమును వెలువరించిరి. 1962 నాటి తొలిసంపుటము వ్యవసాయపదములకు, 1971 నాటి రెండవది చేనేతపదములకు. పదములను వృత్తివారి నోటనుండియే సేకరింపవలెనను ఆ పద్ధతి నేటికిని అనుసరణీయము. గనివృత్తి విషయమున మనకు ఒక అదనపు సౌకర్యము కలదు: ఆ వృత్తివాడే మన విద్యార్థి. సేకర్త దిగి వెళ్ళనక్కరలేదు, దిగువాడే సేకర్త. తట్టాచెమ్మసులతో పనిచేసినవారు ఇప్పుడు విరమణ పొందుచున్నారు. పనితోపాటు మాటలును పోవును. గడచిన రెండేండ్లుగా మేము వ్యాసప్రశ్నకు బదులు ఒక చిన్నపని నిచ్చుచున్నాము: తన గనిలో వాడు ఏబది పదములు, వాని అర్థము, ఎవరినోట వింటినను వివరము. ఆశించినదానికంటె బాగుగా వచ్చుచున్నవి.

వానిలో ఒక పుస్తకము మా యెదుట నున్నది. వ్రాసినవాడు ట్రామరు, టబ్బులు నడుపువాడు. ఏబది అడిగితిమి, నూటపండ్రెండు వ్రాసినాడు. కొన్ని పదములకెదురుగా 'మా నాయిన చెప్పిండు' అని కలదు. కొన్నింటికెదురుగా చనిపోయిన ఒక తోటికార్మికుని పేరు. 'బాయి'కి మూడు అర్థములు వ్రాసి, నాలుగవదానికి చోటు విడిచి, ప్రక్కన పెన్సిలుతో 'అడగాలె' అని గుర్తు పెట్టుకొన్నాడు. ఈసారి మేము ఎఱ్ఱసిరా తీయలేదు.